పెరటి గదికి ఇంటి వైఫై: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు ఒకచోట, పని చేసుకునే గది ఇంకోచోట ఉండటం మన ఊళ్లల్లో మామూలే. పెరట్లో కట్టిన ఔట్‌హౌస్, దొడ్లో పశువుల కొట్టం, మామిడి తోటలో మోటారు షెడ్డు. 2020లో చాలామంది ఆఫీసు పనితో సొంతూళ్లకి వచ్చాక వెనక గదుల్లోకి ల్యాప్‌టాప్‌లు చేరాయి. ఆ తర్వాత కొట్టాల్లోకి సీసీ కెమెరాలు వచ్చాయి. ఇంట్లో బాగా పనిచేసే వైఫై మాత్రం వెనక తలుపు దాటేసరికి నీరసించిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వైరు లాగే వీలుంటే వైరే లాగండి. రెండు కట్టడాలు వేరువేరుగా ఉంటే రాగి వైరు కన్నా ఫైబర్ (వెలుగుని మోసే గాజు పోగు) మేలు. ఆ రెండూ కుదరనప్పుడే గాలిలో పంపే పద్ధతులకి వెళ్లండి. రిపీటర్ (రౌటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే డబ్బా) అన్నిటికన్నా చివర. ఎందుకలా అంటున్నానో కింది జవాబుల్లో తెలుస్తుంది.

హాల్లో ఫుల్ సిగ్నల్ ఉంటుంది. పాతిక మీటర్ల దూరంలో ఉన్న వెనక గదిలో ఎందుకు రాదు?

దూరం కన్నా గోడలే ఎక్కువ అడ్డు. ఖాళీ మైదానంలో పాతిక మీటర్లు వైఫైకి లెక్కలోకి రాదు. కానీ మన ఇళ్లల్లో ఇంటర్నెట్ వైరు వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి రౌటర్‌ని హాల్లో టీవీ పక్కన బిగించి వెళ్లిపోతారు. అక్కడి నుంచి వెనక గదికి వెళ్లాలంటే సిగ్నల్ హాలు గోడ, వంటింటి గోడ, వెనక గోడ, ఆ తర్వాత ఔట్‌హౌస్ గోడ దాటాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కొక్కటీ బలాన్ని చాలా తగ్గిస్తుంది. ఇనుప కడ్డీలున్న కాంక్రీటు ఇంకా తగ్గిస్తుంది. షెడ్డుకి జింకు రేకులు, ఇనుప షట్టరు ఉంటే లోపలికి దాదాపు ఏమీ రాదు, ఎందుకంటే లోహం సిగ్నల్‌ని వెనక్కి తిప్పికొడుతుంది. సిమెంటు రేకులు అంత చెడ్డవి కావు.

చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. ఫోన్‌లో కనిపించే గీతలు రౌటర్ నుంచి ఫోన్‌కి వచ్చే బలాన్ని మాత్రమే చూపిస్తాయి. ఫోన్ తిరిగి రౌటర్‌కి పంపే సిగ్నల్ అంతకన్నా బలహీనం, ఎందుకంటే ఫోన్‌లో యాంటెన్నా చిన్నది, బ్యాటరీ ఆదా చేసుకోవాలి కూడా. అందుకే రెండు గీతలు కనిపిస్తూనే వాట్సాప్ ఫొటో పోకుండా తిరుగుతూ ఉంటుంది.

ఏమీ కొనకముందు ఏం చేసి చూడాలి?

ముందు రౌటర్ చోటు మార్చండి. వెనక గది వైపు కిటికీ దగ్గర, తల ఎత్తుకన్నా పైన పెట్టండి. బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక, టీవీ కింద అరలో ఉంటే అక్కడి నుంచి తీసేయండి. ఫైబర్ కనెక్షన్ అయితే తెల్లటి సన్న వైరుని మీరే లాగకండి. మీ కేబుల్ ఆపరేటర్‌ని పిలిచి వెనక గది వరకు పొడిగించమని అడగండి. చాలాచోట్ల ఇది చిన్న పనే, దీనితోనే సమస్య తీరిపోయే ఇళ్లూ ఉంటాయి.

తర్వాత ఫోన్‌లో వైఫై బలాన్ని అంకెల్లో చూపించే యాప్ ఒకటి వేసుకుని పెరడంతా నడవండి. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) అంటే చాలా బాగుంది. మైనస్ 67 వరకు వీడియో కాల్ మాట్లాడుకోవచ్చు. మైనస్ 80 దగ్గర కనెక్టయినట్టే కనిపిస్తుంది కానీ పని జరగదు. ఏ గోడ దాటాక అంకె ఒక్కసారిగా పడిపోతుందో రాసుకోండి. కొత్త పరికరం ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ వాడాలా, 5 వాడాలా?

ఇవి వైఫై నడిచే రెండు బ్యాండ్లు. గోడలు దాటి దూరం వెళ్లాలంటే 2.4. వేగం కావాలంటే, మధ్యలో అడ్డం లేకుంటే 5. రౌటర్‌లో 2.4కి ఛానల్ ఎంచుకోవాల్సి వస్తే 1, 6, 11 ఈ మూడింట్లో ఒకటే ఎంచుకోండి. ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు అవే. మధ్యలో 3 గానీ 8 గానీ పెడితే రెండు పక్కల వాళ్ల గోలా మీకే వినిపిస్తుంది.

చవకగా రిపీటర్ ఒకటి కొని ప్లగ్గులో పెడితే చాలదా?

వెనక గదిలో కూర్చుని వాట్సాప్, యూపీఐ, ఒక పాట చాలనుకుంటే చాలు. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. మామూలు రిపీటర్‌లో ఒకే రేడియో ఉంటే అది రౌటర్‌తో మాట్లాడాలి, అదే ఛానల్లో మీ ఫోన్‌తోనూ మాట్లాడాలి. ఒక మాట విని అదే మాట మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. అందే సిగ్నలే బలహీనమైతే అందులో సగం.

పెట్టే చోటులో కూడా జాగ్రత్త ఉండాలి. సిగ్నల్ రాని వెనక గదిలోనే దాన్ని పెడతారు చాలామంది. అక్కడ దానికీ సిగ్నల్ రాదు. ఇల్లు, గది మధ్య దారిలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట పెట్టాలి. అంటే సాధారణంగా వెనక వరండా లోపలి గోడ మీద.

మరి మెష్ సంగతేంటి?

మెష్ అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే డబ్బాల సెట్టు. రిపీటర్ కన్నా మెష్ ఎన్నో రెట్లు మేలు, ముఖ్యంగా ట్రైబ్యాండ్ మెష్. అందులో డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక రేడియో ఉంటుంది కాబట్టి మీ ఫోన్ వాటా తగ్గదు. కానీ మెష్ కూడా గోడలకి లోబడే పనిచేస్తుంది. హాలు నుంచి జింకు రేకుల షెడ్డులోకి మెష్ అయినా దూరదు. ఇంటి డబ్బా వెనక కిటికీలో, గది డబ్బా ఇంటివైపు కిటికీలో, ఒకదానికొకటి ఎదురుగా పెడితే ఇరవై ముప్ఫై మీటర్ల పెరడు హాయిగా దాటుతుంది. రెండు డబ్బాల మధ్య వైరు కూడా కలిపితే మెష్ అసలు సత్తా అప్పుడు కనిపిస్తుంది. దాదాపు అన్ని మెష్ సెట్లలోనూ ఆ వీలుంది.

వైరు లాగితే ఏ వైరు కొనాలి?

క్యాట్6 రకం రాగి నెట్ వైరు. అంతకు ముందు రకం క్యాట్5ఈ కూడా 100 మీటర్ల వరకు ఒక గిగాబిట్ మోస్తుంది కాబట్టి ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు. ఆ 100 మీటర్లే రాగి వైరుకి హద్దు, రెండు చివర్ల వాడే చిన్న ప్యాచ్ కార్డులు కూడా అందులోనే లెక్క. 110, 120 మీటర్లకి లాగినా నడుస్తుందని చెప్పేవాళ్లుంటారు. కొన్నాళ్లు నడవొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని గుంత తవ్వకండి.

కొనేటప్పుడు రెండు విషయాలు అడగండి. మొదటిది, బయట వాడే రకమేనా అని. ఇంట్లో వాడే బూడిదరంగు వైరు మన ఎండకి కొన్నేళ్లలో పెళుసుబారి పగులుతుంది. బయట వేసేదానికి ఎండని తట్టుకునే నల్లటి పాలిథిన్ తొడుగు ఉంటుంది. నేలలో పాతేదైతే లోపల నీరు చొరకుండా జెల్ నింపినది దొరుకుతుంది. రెండోది, పూర్తి రాగేనా అని. మార్కెట్లో చవకగా దొరికే చాలా వైర్లలో అల్యూమినియం తీగ మీద రాగి పూత మాత్రమే ఉంటుంది. వాటిని సీసీఏ అంటారు. బ్లేడుతో తీగని కొంచెం గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. దీనికి నిరోధం ఎక్కువ, తేలిగ్గా విరుగుతుంది, పైగా అదే వైరులో కెమెరాకి కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. డబ్బా మీద క్యాట్6 అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నంత మాత్రాన తీసుకోకండి.

నేలలో పాతాలా, పైనుంచి లాగాలా?

మీ ఊళ్లో కోతులుంటే పాతండి. పిట్టగోడ మీద నుంచి చెట్టు మీదుగా వేలాడదీసిన వైరు వాటికి ఊయల. కోతులు లేకుండా, దూరం తక్కువైతే పైనుంచి లాగడం తేలిక. అప్పుడు వైరు బరువు వైరు మీదే పడనివ్వకండి. ఒక జీఐ తీగ బిగించి కట్టి, దానికి ఈ వైరుని నల్లటి కేబుల్ టైలతో కట్టండి. తెల్ల టైలు ఎండకి తెగిపోతాయి. గోడలోకి వెళ్లేచోట వైరుని కిందికి ఒక వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతాయి.

పాతేటట్టయితే అడుగున్నర, రెండడుగుల లోతు తవ్వి పైపులో వేయండి. ఉత్త వైరుని మట్టిలో పెట్టకండి. పందికొక్కు దానిని వదలదు. బోరు దగ్గర వాడే నల్లటి హెచ్‌డీపీఈ పైపు దీనికి చాలా బాగుంటుంది, అతుకులు లేకుండా చుట్టగా దొరుకుతుంది. ఒక సైజు పెద్దదే వేయండి. పైపుతో పాటు ఒక నైలాన్ తాడు కూడా లోపల వదిలిపెట్టండి. రేపు వైరు చెడినా, ఇంకొకటి కావాలన్నా ఆ తాడుకి కట్టి లాగేయొచ్చు, మళ్లీ తవ్వక్కర్లేదు. ఈ ఒక్క తాడు ముక్క మర్చిపోయి మళ్లీ గునపం పట్టిన ఇళ్లు చాలా చూశాను. పైపు రెండు చివర్లూ మూసినా లోపల తేమ చేరుతుంది. కాబట్టి పైపు ఉంది కదా అని ఇంట్లో వాడే వైరు వేయొద్దు.

గుంత పూడ్చే ముందు దాని ఫొటో, గోడ నుంచి ఎంత దూరంలో ఉందో కొలతతో సహా తీసుకోండి. రేపు కొబ్బరి మొక్క నాటేవాళ్లకి అది కావాలి.

కరెంటు వైరు వెళ్లే పైపులోనే వేసేయొచ్చా?

రాగి నెట్ వైరుని వద్దు. వేరే పైపు వేయండి, రెండింటి మధ్య కనీసం అడుగు దూరం ఉంచండి. మోటారు ఆన్ చేసినప్పుడల్లా నెట్ తెగడం ఒక్కటే కాదు భయం. కరెంటు వైరు తొడుగు చెడితే 230 వోల్టులు మీ ల్యాప్‌టాప్ దాకా వస్తాయి.

పిడుగు పడితే?

ఈ ప్రశ్న వైరు కొనకముందే అడగాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు గాలిదుమారం, ఉరుములు మనకి మామూలే. పిడుగు నేరుగా మీ ఇంటి మీదే పడక్కర్లేదు. దగ్గర్లో చెట్టు మీద పడినా అక్కడి నేలలో వోల్టేజీ ఒక్క క్షణం విపరీతంగా పెరుగుతుంది. ఇంటికి ఒక ఎర్తింగ్, వెనక గదికి ఇంకో ఎర్తింగ్ ఉంటే ఆ క్షణంలో రెండింటి మధ్య పెద్ద తేడా వస్తుంది. ఆ రెంటినీ కలిపే రాగి దారి మీ నెట్ వైరే. నెట్ పోర్టు లోపల ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 1500 వోల్టుల దాకా ఆపేలా చేస్తారు. పిడుగు తెచ్చే వోల్టేజీ దాన్ని దాటిపోతుంది. అప్పుడు రౌటర్, ఓఎన్‌టీ (ఆపరేటర్ ఫైబర్ వచ్చి చేరే డబ్బా), స్విచ్, టీవీ వరసగా పోతాయి.

ఇప్పటికే రాగి వైరు వేసేసి ఉంటే రెండు చివర్లా నెట్ వైరు కోసం చేసిన సర్జ్ ప్రొటెక్టర్లు (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఎర్తింగ్‌లోకి మళ్లించేవి) పెట్టించండి, వాటి ఎర్త్ వైరు నిజంగా ఎర్తింగ్‌కి చేరిందో లేదో దగ్గరుండి చూడండి. ఎర్త్ లేని సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. మబ్బు పట్టినప్పుడు, ఉరుము వినపడకముందే, వైరుని రెండు వైపులా ఊడదీయడం అన్నిటికన్నా భద్రం. ఉరుములు మొదలయ్యాక మాత్రం ఆ వైరు జోలికి వెళ్లకండి.

ఇంకా వేయకపోతే ఫైబర్ వేయండి. గాజు పోగులో కరెంటు ప్రవహించదు. నెట్ వైరు దారిలో వచ్చే పిడుగు గొడవ అక్కడితో తీరిపోతుంది.

ఫైబర్ మనంతట మనం వేయించుకోవచ్చా? అది కంపెనీల పని కదా?

వేయించుకోవచ్చు, అనుకున్నంత కష్టమూ కాదు. మన రాష్ట్రాల్లో ఫైబర్ ఊరూరా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ వైరుని కరెంటు స్తంభాల మీదుగా లాగారు, తెలంగాణలో టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల వెంట వేశారు. ఒకచోట హైటెన్షన్ పక్కన, ఇంకోచోట నీళ్ల పక్కన ఉండి కూడా పనిచేస్తోందంటే కారణం అందులో వెళ్లేది వెలుగు కావడమే. మీ పెరట్లోనూ అంతే. తోటకి నీళ్ల పైపు వేయడానికి గుంత తవ్వుతున్నప్పుడు పక్కనే ఫైబర్ కూడా వేసేయండి.

కావలసినవి ఇవి: సింగిల్ మోడ్ డ్రాప్ కేబుల్ (ఇళ్లకి లాగే సన్న ఫైబర్ వైరు), రెండు చివర్లా ఒక్కో మీడియా కన్వర్టర్, కనెక్టర్లు. మీడియా కన్వర్టర్ అంటే వెలుగుని మామూలు నెట్ పోర్టుగా మార్చే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. ఒకే పోగుతో పనిచేసే రకం తీసుకుంటే ఏ, బీ అని జంటగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగు పంపి 1550 అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. రెండూ ఏ రకమే కొంటే ఎప్పటికీ లింకు రాదు. 10/100 అని రాసి ఉన్నవి చవక, కానీ మీ కనెక్షన్ 100 ఎంబీపీఎస్ దాటితే గిగాబిట్ రకమే కొనండి.

పోగు చివర్లు అతికే పని మీ ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడికి వచ్చు, స్ప్లైసింగ్ మిషన్ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. డబ్బులిచ్చి ఆ పని వరకు చేయించుకోండి. పొడవుకి సరిపడా రెండు చివర్లా కనెక్టర్లు బిగించిన తయారు కేబుళ్లు కూడా ఆన్‌లైన్లో దొరుకుతాయి. అవి తీసుకుంటే పైపులోంచి కనెక్టర్ దూరుతుందో లేదో ముందే చూసుకోండి.

మూడు జాగ్రత్తలు. డ్రాప్ కేబుల్లో పట్టు కోసం ఉక్కు తీగ ఉన్న రకం ఉంటుంది. పిడుగు భయంతోనే ఫైబర్ వేస్తున్నారు కాబట్టి ఉక్కు లేని, ఎఫ్‌ఆర్‌పీ (గాజు నార కలిపిన ప్లాస్టిక్) పుల్ల ఉన్న రకం అడగండి. పిడికిలి కన్నా చిన్న చుట్ట చుట్టకండి, వెలుగు బయటికి పోతుంది. వెలుగు వస్తోందో లేదో అని పోగు చివర కంట్లోకి ఎప్పుడూ పెట్టుకోకండి. ఆ వెలుగు కంటికి కనిపించదు.

దూరం గురించి బెంగ వద్దు. రాగికి 100 మీటర్ల దగ్గర హద్దు ఉంటే సింగిల్ మోడ్ ఫైబర్ కిలోమీటర్లు వెళ్తుంది.

ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్‌నే స్ప్లిటర్ పెట్టి రెండుగా చీల్చి, రెండో ఓఎన్‌టీ వెనక గదిలో పెట్టుకోవచ్చా?

కుదరదు. ప్రతి ఓఎన్‌టీ ఆపరేటర్ వైపు విడిగా నమోదు కావాలి. పైగా మీరు పెట్టిన స్ప్లిటర్ వల్ల వెలుగు తగ్గి ఉన్న కనెక్షన్ కూడా తెగిపోవచ్చు. మీ ఫైబర్ ఓఎన్‌టీ తర్వాతే మొదలవ్వాలి.

మోటారు షెడ్డు 200 మీటర్ల దూరం. మధ్యలో పంట కాలువ, వేరేవాళ్ల చేను ఉన్నాయి. తవ్వే వీలే లేదు. ఎలా?

ఇక్కడ వైర్‌లెస్ బ్రిడ్జి సరైన దారి. రెండు చిన్న పలకల్లాంటి యాంటెన్నాలు. ఒకటి ఇంటి డాబా మీద, ఇంకొకటి షెడ్డు మీద, ఒకదాని మొహం ఒకటి చూసేలా బిగించాలి. మామూలు రౌటర్ సిగ్నల్‌ని చుట్టూ చల్లుతుంది, ఇవి మాత్రం ఒకే దిక్కుకి పంపుతాయి కాబట్టి అంత దూరం బలంగా వెళ్తుంది. టీపీ-లింక్ సీపీఈ510, యుబిక్విటీ నానోస్టేషన్ లాంటివి ఈ పనికి చాలాకాలంగా వాడుతున్నారు. సీపీఈ510లో నెట్ పోర్టు 10/100 రకం కాబట్టి 100 ఎంబీపీఎస్ దాటదు. మోటారు షెడ్డుకి అది చాలా ఎక్కువే.

షరతు ఒకటే: ఒకదానికి ఇంకొకటి కంటికి కనపడాలి. గీత గీసినట్టు సన్న సందులోంచి కనపడితే చాలదు. రేడియో తరంగం మధ్యలో ఉబ్బుతుంది. 200 మీటర్ల దూరానికి 5 గిగాహెర్ట్జ్‌లో ఆ ఉబ్బు నడిమధ్య గీతకి చుట్టూ మీటరున్నర పైగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఖాళీగా ఉండాలి. వేసవిలో చేను ఖాళీగా ఉన్నప్పుడు బిగించి, బ్రహ్మాండంగా ఉందని సంబరపడితే, మొక్కజొన్న గానీ చెరుకు గానీ నిలువెత్తు పెరిగాక లింకు తెగుతుంది. కాబట్టి ఆ చేలో వేసే పంట ఎంత ఎత్తు పెరుగుతుందో లెక్కేసుకుని యాంటెన్నా ఎత్తు పెట్టండి. ఇంటి వైపు వాటర్ ట్యాంకు స్టాండు, షెడ్డు వైపు గట్టిగా నాటిన జీఐ పైపు సరిపోతాయి. పైపు గాలికి ఊగితే సిగ్నల్ కూడా ఊగుతుంది.

బిగించాక యాంటెన్నా పేజీలో సిగ్నల్ అంకె చూస్తూ ఒకరు ఫోన్‌లో చెబుతుంటే ఇంకొకరు కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకేసారి రెండు వైపులా తిప్పకండి. మరీ దగ్గరైతే, అంటే యాభై అరవై మీటర్లే అయితే, పంపే పవర్ తగ్గించండి. అవసరానికి మించిన అరుపు అవతలి చెవికి కూడా నష్టమే. కరెంటు అదే నెట్ వైరులో వెళ్తుంది. దానికి డబ్బాలో వచ్చిన ఇంజెక్టరే (నెట్ వైరులోకి కరెంటు ఎక్కించే అడాప్టర్) వాడండి. వీటిలో కొన్ని 24 వోల్టుల మీద, కొన్ని 48 మీద నడుస్తాయి. ఒకదానిది ఇంకోదానికి పెడితే కాలిపోవచ్చు. ఎత్తులో ఉండే పరికరం కాబట్టి పైపుకి ఎర్తింగ్ తప్పనిసరి.

మధ్యలో చెట్లున్నాయి, ఆకులే కదా?

ఆకులే అసలు సమస్య. వాటిలో నీరుంటుంది, నీరు 5 గిగాహెర్ట్జ్‌ని మింగేస్తుంది. వానలో తడిసిన మామిడి చెట్టు దాదాపు గోడే. కొబ్బరి మట్టలు గాలికి కదులుతూ సిగ్నల్‌ని వచ్చీపోయేలా చేస్తాయి. ఒకటి రెండు కొమ్మలైతే 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నాలతో నెట్టుకురావొచ్చు. తోటంతా అడ్డముంటే చెట్లకన్నా పైకి వెళ్లాలి, లేదా ఫైబర్. దీని కోసం చెట్టు కొట్టకండి.

ఈ యాంటెన్నాలకి ప్రభుత్వ అనుమతి కావాలా?

నిర్ణయించిన పవర్ హద్దులోపు వాడితే 2.4 గిగాహెర్ట్జ్‌కి లైసెన్సు అక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్‌లో కూడా 2018లో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా తెరిచారు. సెట్టింగుల్లో దేశం అన్నచోట ఇండియా ఎంచుకోండి. హద్దులు అదే చూసుకుంటుంది. వైరు మాత్రం పంచాయతీ రోడ్డు దాటించాలంటే అనుమతి అడగాలి.

కరెంటు ప్లగ్గుల ద్వారా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు ఎలా ఉంటాయి?

వెనక గదికి కరెంటు ఇంటి మీటర్ నుంచే, ఇంట్లో అడాప్టర్ పెట్టిన ఫేజ్ మీదే వెళ్తుంటే పనిచేయొచ్చు. త్రీ ఫేజ్ ఇళ్లల్లో గది ఇంకో ఫేజ్ మీద ఉంటే సిగ్నల్ అందదు లేదా నామమాత్రంగా అందుతుంది. మోటారు షెడ్డుకి వేరే వ్యవసాయ సర్వీసు ఉంటే పూర్తిగా మర్చిపోండి. పనిచేసే ఇళ్లల్లోనూ స్పైక్ గార్డులో, ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టకుండా నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి. తిరిగిచ్చేసే వీలున్న షాపులో అయితేనే కొని చూడండి.

వైరు గది దాకా వచ్చింది. అక్కడ పాత రౌటర్ పెట్టుకోవచ్చా?

హాయిగా పెట్టుకోవచ్చు. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వచ్చిన నెట్‌ని వైఫైగా మాత్రమే పంచే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి, పని అయిపోయినట్టే. లేకపోతే మూడు పనులు చేయాలి. మొదట పాత రౌటర్ చిరునామా మార్చండి. ఇంటి రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, అది ఇంకో పరికరానికి ఇవ్వకుండా ఇంటి రౌటర్లో చూసుకోండి. తర్వాత పాత రౌటర్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే సెట్టింగు) ఆపేయండి. చివరగా వచ్చిన వైరుని వ్యాన్ (WAN) అనే పోర్టులో కాకుండా మామూలు ల్యాన్ (LAN) పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచుతూ, ఒక్కోసారి నెట్ వస్తూ ఒక్కోసారి రాకుండా ఇంట్లో అందరికీ టెన్షన్.

రెండు చోట్లా ఒకే వైఫై పేరు పెట్టాలా?

పెట్టండి. పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ ఒకటే, ఛానల్ మాత్రం వేరు. ఇంట్లో 1 అయితే గదిలో 6 గానీ 11 గానీ. నడుచుకుంటూ వెళ్తే ఫోన్ తనంతట తానే మారుతుంది. కొన్ని ఫోన్లు పాతదాన్నే పట్టుకుని వేలాడతాయి, అప్పుడు ఒకసారి వైఫై ఆపి మళ్లీ పెట్టండి.

కరెంటు పోతే?

దారిలో ఉన్న ప్రతి డబ్బాకీ బ్యాకప్ ఉండాలి. ఇంటి రౌటర్ ఇన్వర్టర్ మీద ఉన్నా, వెనక గదిలోని కన్వర్టర్‌కి కరెంటు లేకపోతే నెట్ లేదు. రౌటర్లు, కన్వర్టర్లు చాలావరకు 12 వోల్టులో 5 వోల్టులో డీసీ మీద నడుస్తాయి కాబట్టి చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి చాలు. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు రెండూ చూసుకోండి.

కొట్టంలో ఒక సీసీ కెమెరా నడిస్తే చాలు. దానికి ఇంత అవసరమా?

అవసరం లేదు. రెండు మెగాపిక్సెల్ కెమెరాకి రెండు నుంచి నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. సెట్టింగుల్లో హెచ్.265 (వీడియోని ఎక్కువగా కుదించే పద్ధతి) ఉంటే ఇంకా తగ్గుతుంది. మెమరీ కార్డులో రికార్డు చేసే కెమెరా అయితే మీరు ఫోన్‌లో చూసేటప్పుడే ఎక్కువ నెట్ వాడుకుంటుంది. ఇక్కడ బయట వాడే రిపీటర్ కూడా పనికొస్తుంది. చవక కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి. రౌటర్లో రెండు బ్యాండ్లూ ఒకే పేరుతో ఉండి కెమెరా కనెక్ట్ కాకపోతే, కాసేపు 5 ఆపి కనెక్ట్ చేసుకుని మళ్లీ ఆన్ చేయండి.

కొట్టం అంటే గడ్డి దుమ్ము, పేడ ఆవిరి, బల్లులు, చీమలు. అడాప్టర్లనీ అతుకుల్నీ మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ బాక్సులో పెట్టి, వైరు రంధ్రం కింది వైపు ఉంచండి. పశువుల నోటికి అందే ఎత్తులో ఏ వైరూ ఉండకూడదు.

ఇదంతా కాకుండా గదికి వేరే కనెక్షనే తీసుకుంటే?

ఆ గది అద్దెకిచ్చేదైతే అదే మంచిది. బిల్లు వాళ్లది, వాడకమూ వాళ్లది. తోట ఇంటికి దూరంగా ఉండి, అక్కడ 5జీ బాగా వస్తే 2023లో మొదలైన ఎయిర్‌ఫైబర్ రకం (5జీతో గాలిలో వచ్చే ఇంటి నెట్) కనెక్షన్లు అడిగి చూడొచ్చు. ఒక్క కెమెరా కోసమైతే సిమ్ పెట్టుకునే 4జీ కెమెరా చాలు. కానీ నెలనెలా రెండు బిల్లులు కడుతూ ఉంటే పోగైన డబ్బు, ఒక్కసారి వేసే ఫైబర్ ఖర్చుని దాటిపోతుంది. పెరట్లోనే ఉన్న గదికి రెండో కనెక్షన్ తీసుకోవడం నాకు నచ్చదు.

అద్దెకున్నవాళ్లకి మా వైఫైనే ఇస్తే ఇబ్బందా?

కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది, అందులో జరిగేదానికి ముందు మిమ్మల్నే అడుగుతారు. ఇవ్వాల్సి వస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి ఆ పాస్‌వర్డే ఇవ్వండి. గెస్ట్ నుంచి మీ కెమెరాలు, కంప్యూటర్లు కనిపించవు. ఒక చిక్కుంది: పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా పెట్టినప్పుడు చాలా మోడళ్లలో గెస్ట్ సరిగా వేరుపడదు. అద్దెవాళ్ల ఫోన్‌లోంచి మీ కెమెరా పేజీ తెరుచుకుంటుందేమో ఒకసారి ప్రయత్నించి చూడండి.

అన్నీ బిగించాక ఒకరోజు హఠాత్తుగా ఆగిపోతే ఎక్కడి నుంచి చూడాలి?

ఇంటి రౌటర్ నుంచి మొదలుపెట్టి బయటికి వెళ్లండి. ముందు ఇంట్లో నెట్ ఉందా? లేకపోతే తప్పు ఆపరేటర్ వైపే, పెరట్లో వెతకక్కర్లేదు. ఉంటే కన్వర్టర్ మీద ఫైబర్ లైటు చూడండి. రెండు వైపులా వెలగకపోతే కేబుల్ ఎక్కడో తెగింది లేదా కనెక్టర్ జారింది. కేబుల్ ఆపరేటర్ దగ్గరి ఎర్ర లైటు పెన్ను పెడితే తెగినచోట పైకి ఉన్నట్టయితే ఎర్రగా కనిపిస్తుంది. లైట్లన్నీ బాగానే ఉండి నెట్ రాకపోతే గదిలోని రౌటర్‌ని ఒకసారి ఆపి పెట్టండి, ఎవరైనా రీసెట్ బటన్ నొక్కి డీహెచ్‌సీపీ మళ్లీ మొదలైందేమో చూడండి. బ్రిడ్జి అయితే సిగ్నల్ అంకెని బిగించిన రోజు రాసుకున్న అంకెతో పోల్చండి. అంతే ఉంటే తప్పు వేరేచోట. బాగా పడిపోయి ఉంటే నిచ్చెన వేసుకునే ముందు, మధ్యలో ఏ కొమ్మ పెరిగిందో డాబా మీద నుంచి చూడండి.